ట్రీ స్టాండ్ రెయిల్ మీద ఆనించి కాలిస్తే తూటా పైకి ఎందుకు పోతుంది, ఏం సరిచేయాలి

మీరు రాసిన సమస్య ఇదీ: బెంచ్ మీద ఇసుక సంచులు పెట్టి కాలిస్తే 100 గజాల్లో మూడు తూటాలూ ఒకటిన్నర అంగుళంలో పడుతున్నాయి. అదే .308 రైఫిల్‌ని 18 అడుగుల లాడర్ స్టాండ్ (చెట్టుకి ఆనించి కట్టే నిచ్చెన మంచె) ఎక్కి, ముందున్న రెయిల్, అంటే అడ్డ కడ్డీ, మీద పెట్టి 60 గజాల దూరంలోని కాగితాన్ని కాలిస్తే నాలుగైదు అంగుళాలు పైన తగులుతోంది. పెన్సిల్వేనియాలో థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం రైఫిల్ సీజన్ మొదలైపోతుంది. ఈలోపు చెట్టుకి బిగించే రెస్ట్ కొనాలా, షూటింగ్ స్టిక్స్ (కింద నిలిపి రైఫిల్ ఆనించే కర్రలు) కొనాలా అని అడిగారు.

ఇప్పటికి రెండూ కొనకండి. ఉన్న రెయిల్‌తోనే పని జరుగుతుంది. రైఫిల్‌లో ఏ భాగం రెయిల్‌కి ఆనుతోంది, ఆ రెయిల్ మీద మెత్త ఉందా లేదా, వెనక బట్‌కి, అంటే భుజానికి ఆనే కొసకి, ఆసరా ఏముంది అన్నవి చూసుకోవాలి. స్టాండ్ మీద గురి తప్పేవాళ్లలో ఎక్కువమంది ముందు ఆసరా గురించే ఆలోచిస్తారు. వెనక భుజం, మోచెయ్యి గాల్లో ఉంటాయి. ముందు ఎంత గట్టిగా ఆనించినా బట్ అటూ ఇటూ కదులుతుంటే స్కోప్‌లో గీతలు కదులుతూనే ఉంటాయి.

ముందుగా ఎత్తు మీద అనుమానం తీర్చేద్దాం. "పైనుంచి కిందికి కాలిస్తే తూటా పైకి పోతుంది కదా" అని మీ పక్క లీజు (వేటకి అద్దెకి తీసుకున్న నేల) ఆయన చెప్పారన్నారు. మాట నిజమే గానీ మీ దూరాలకి అది లెక్కలోకి రాదు. తూటా ఎంత కిందికి దిగుతుందన్నది నేల మీద కొలిచిన అడ్డ దూరాన్ని బట్టి ఉంటుంది. మీరు స్టాండ్ మీద కూర్చుంటే రైఫిల్ నేల నుంచి సుమారు 21 అడుగులు, జింక ఛాతీ మధ్యభాగం 3 అడుగులు. తేడా 18 అడుగులు, అంటే 6 గజాలు. రేంజ్‌ఫైండర్ 60 గజాలు చూపిస్తే అడ్డ దూరం 59.7 గజాలు. ఒక అడుగు కూడా తేడా లేదు. 20 గజాలు చూపిస్తే అడ్డ దూరం 19 గజాలు. ఇంత తేడాకి .308 తూటా ఎక్కడ తగులుతుందో ఏమీ మారదు. జీరో, అంటే స్కోప్ గురిని ఏ దూరానికి సరిచేశారన్నది, దాని వల్ల కూడా కాదు. 200 గజాలకి జీరో చేసిన .308 అయినా 60 గజాల దగ్గర గురి గీతకి పైన సుమారు ఒక అంగుళంలో ఉంటుంది. నాలుగైదు అంగుళాలు రావాలంటే కారణం రైఫిల్ ఆనిన చోటే ఉంది.

మొదటి అనుమానం బ్యారెల్. రెయిల్ మనకి ముందుగా, కాస్త దూరంలో ఉంటుంది. కూర్చున్నప్పుడు వెనక్కి జారగిలబడితే రైఫిల్ కూడా వెనక్కి వస్తుంది, అప్పుడు రెయిల్‌కి తగిలేది ఫోర్‌ఎండ్ (బ్యారెల్ కింద ఉండే స్టాక్ ముందు భాగం) బదులు బ్యారెల్ అవుతుంది. తూటా బయటికి రాకముందే బ్యారెల్ అదురుతుంది. కింద గట్టి వస్తువు ఉంటే ఆ అదురు పైకి తోస్తుంది, తూటా పైకి పోతుంది. ఎప్పుడూ కర్ర భాగమే, అంటే ఫోర్‌ఎండే ఆనాలి. బ్యారెల్ దేనికీ తగలకూడదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు. చవక రైఫిళ్ల ప్లాస్టిక్ స్టాక్‌లో ఫోర్‌ఎండ్ కొస మెత్తగా ఉంటుంది. బెంచ్ మీద మెత్తటి సంచి కాబట్టి వంగదు. రెయిల్ మీద పెట్టి ఒంటి బరువు మోపితే వంగి బ్యారెల్‌కి తగులుతుంది. పరీక్ష సులువు: రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రెయిల్ మీద ఆనించి, మీరు కాల్చేటప్పుడు ఎంత నొక్కుతారో అంతే నొక్కండి. ఇంకొకరిని ఒక డాలర్ నోటు బ్యారెల్‌కీ ఫోర్‌ఎండ్‌కీ మధ్య దూర్చి మ్యాగజైన్ వైపు లాగమనండి. నోటు ఎక్కడ ఆగిపోతే అక్కడ తగులుతున్నట్టు. అలా తగిలితే ఆనించే చోటు వెనక్కి, మ్యాగజైన్ దగ్గరికి తెచ్చుకోండి. అక్కడ స్టాక్ గట్టిగా ఉంటుంది.

రెండో అనుమానం ఉత్త ఇనుప గొట్టం. ఇనుము మీద పెట్టిన రైఫిల్ పేలగానే ఎగిరిపడుతుంది. ఆ ఎగరడం తూటా బ్యారెల్‌లో ఉండగానే మొదలవుతుంది. దానికి హోమ్ డిపోలో దొరికే నీటి పైపుల ఫోమ్ తొడుగు చాలు. రెయిల్ గొట్టం మందం కొలిచి అదే సైజు తీసుకోండి. ఒక పక్క చీలిక ఉంటుంది కాబట్టి తొడగడం తేలిక. చీలిక కింది వైపు ఉండేలా తొడిగి, అడుగు అడుగుకీ టేపు చుట్టండి. అక్కడితో ఆపకండి. ఫోమ్ మీద రబ్బరు పూత ఉన్న స్టాక్ పట్టేసుకుంటుంది, జింక నాలుగు అడుగులు ముందుకి నడిస్తే రైఫిల్ దాని వెంట సాఫీగా తిరగదు. పాత ఫ్లీస్ చొక్కానో తువ్వాలో ముక్క చేసి ఫోమ్ పైన చుట్టి కుట్టేయండి. అప్పుడు రైఫిల్ జారుతుంది, ఇనుముకి తగిలి టంగుమని మోగదు. గడ్డకట్టే చలిలో ఫోమ్ బిరుసెక్కుతుంది, అందుకూ ఈ గుడ్డ కావాలి. ఏదీ లేకపోతే చేతి గ్లవ్స్ ఒకటి మడిచి కింద పెట్టినా ఉత్త ఇనుము కన్నా ఎంతో మేలు.

స్లింగ్ కట్టే బుడిపె కూడా చూసుకోండి. పేలినప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది. బుడిపె రెయిల్‌ని ఆనుకుని ముందుంటే వెనక్కి వచ్చేటప్పుడు రెయిల్‌కి తగిలి ముక్కు పైకి లేస్తుంది. బుడిపెకీ రెయిల్‌కీ మధ్య కనీసం రెండు అంగుళాలు వదలండి. వేలాడే స్లింగ్ రెయిల్‌కీ ఫోర్‌ఎండ్‌కీ మధ్య ఇరుక్కోకుండా పక్కకి తీసేయండి.

ఇక రెయిల్ ఎత్తు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే స్టాండ్ మీద మెడ నొప్పి, కనుబొమ్మ మీద స్కోప్ దెబ్బ, హడావిడిలో తప్పిన గురి, వీటిలో చాలావాటికి మూలం ఇదే. బట్ చివర నుంచి రెయిల్ ఆనిన చోటికి మీ రైఫిల్ మీద సుమారు 24 అంగుళాలు ఉంటుంది అనుకోండి. 60 గజాల్లో ఉన్న జింక మీదికి మీ ఎత్తు నుంచి వాలు 6 డిగ్రీలు. దానికి రెయిల్ మీ భుజం కన్నా రెండున్నర అంగుళాలు కింద ఉండాలి. 35 గజాలకి వాలు 10 డిగ్రీలు, నాలుగు అంగుళాలు పైచిలుకు కావాలి. 20 గజాలకి 17 డిగ్రీలు దాటుతుంది, ఏడు అంగుళాలకి మించి కావాలి. పది గజాలకి 37 డిగ్రీలు, పద్నాలుగు అంగుళాలు పైచిలుకు. ఒకే రెయిల్ అన్నిటికీ సరిపోదని ఈ లెక్కే చెబుతోంది.

అందుకని రెయిల్‌ని భుజానికి నాలుగు, ఐదు అంగుళాలు కింద ఉండేట్టు పెట్టండి. సర్దుకునే వీలు లేని రెయిల్ అయితే సీటు మీద కుషన్ వేసి మీరే పైకి రండి. దూరంగా ఉన్నదానికి ఫోర్‌ఎండ్ కింద రెండు అంగుళాల మెత్త సంచి వేసుకోండి. రెయిల్ మీద జీనులా రెండు వైపులా వేలాడే సంచులు దొరుకుతాయి, అవి జారిపోవు. ఇసుక బదులు ప్లాస్టిక్ గుళికలు నింపినవి తీసుకుంటే తేలిక, తడిసినా బరువెక్కవు. దగ్గరికి వచ్చినదానికి సంచి తీసేసి, ఆనే చోటుని మ్యాగజైన్ వైపు జరపండి. బట్‌కీ రెయిల్‌కీ మధ్య దూరం తగ్గితే అదే ఎత్తులో వాలు పెరుగుతుంది. అయినా చాలకపోతే నడుము దగ్గర ముందుకి వంగండి. రైఫిల్‌ని ఎత్తి భుజం మీది నుంచి చూడబోతే బట్ భుజం గుంటలోంచి పైకి జారుతుంది, బుగ్గ స్టాక్‌ని వదిలేస్తుంది, కన్ను స్కోప్‌కి మరీ దగ్గరవుతుంది. మామూలు వేట స్కోప్‌కి కంటి దూరం మూడున్నర అంగుళాల చుట్టూ ఉంటుంది. వంగి, తల ముందుకి చాచి కాలిస్తే కనుబొమ్మ చీలుతుంది. పది గజాల్లోకి వచ్చిన జింకకి రెయిల్ మాట మర్చిపోండి, మోకాలి మీద మోచెయ్యి పెట్టుకుని కాల్చండి. అంత దగ్గర్లో అది సరిపోతుంది.

రెయిల్‌కే తూటా తగలడం కూడా జరుగుతుంది. స్కోప్ మధ్యభాగం బ్యారెల్ మధ్యభాగానికి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు పైన ఉంటుంది. స్కోప్‌లో జింక శుభ్రంగా కనిపిస్తుంది, రెయిల్ మరీ దగ్గర కాబట్టి మసకగా కూడా కనబడదు, కానీ బ్యారెల్ నోరు ఆ ఇనుప కడ్డీ వైపే చూస్తుంటుంది. ముందుకి కాల్చేటప్పుడు నోరు రెయిల్ దాటి ఉంటుంది కాబట్టి ఫరవాలేదు. చుట్టూ రెయిల్ ఉన్న స్టాండ్ మీద పక్కకి తిరిగినప్పుడు, మంచె చుట్టూ గుడ్డ కట్టినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. సేఫ్టీ తీసే ముందు ఒక్కసారి తల పైకెత్తి బ్యారెల్ నోటి ముందు ఏముందో కళ్లతో చూసుకోండి. దగ్గర్లోని చిన్న కొమ్మలకీ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు వెనక ఆసరా. మీరు కుడిచేతి వాటం అనుకుని రాస్తున్నాను. రెండు పద్ధతులున్నాయి. 60, 70 గజాల లోపు అయితే ఎడమ అరచెయ్యి రెయిల్ మీద పెట్టి, దాని మీద ఫోర్‌ఎండ్ పెట్టుకోండి. కుడి కాలు కింద బ్యాగో, స్టాండ్ పాదాల కడ్డీయో పెట్టి మోకాలు పైకి లేపి, కుడి మోచెయ్యి దాని మీద ఆనించండి. మోకాలి చిప్ప మీద మోచేతి ఎముక పెడితే జారుతుంది. మోచేతికి కాస్త పైనున్న కండని మోకాలికి ఈవల తొడ కండ మీద పెట్టండి. ఈ పద్ధతి త్వరగా కుదురుతుంది, జింక కదిలినా వెంట తిరగొచ్చు. 100 గజాలు, ఆపైన అయితే ఫోర్‌ఎండ్‌ని మెత్త మీద వదిలేసి, ఎడమ చెయ్యి వెనక్కి తెచ్చి బట్ కింద పిడికిలి పెట్టండి. పిడికిట్లో ఒక చిన్న సంచి గానీ, చుట్టిన ఊలు సాక్స్ గానీ ఉంటే పిండితే బట్ లేస్తుంది, వదిలితే దిగుతుంది. గీతలు వెంట్రుక వాసిలో సర్దుకోవచ్చు. ఎడమ మోచెయ్యి ఎడమ తొడకి ఆనాలి. తేలిక రైఫిల్ ఈ పద్ధతిలో కాస్త ఎగురుతుంది, అందుకని బట్‌ని భుజంలోకి గట్టిగా లాక్కోండి.

రెండింటిలో ఏదైనా, కుదురుకున్నాక కళ్లు మూసి ఊపిరి వదిలి తెరవండి. గీతలు జింక మీదే ఉంటే సరే. పక్కకి పోయి ఉంటే చేతులతో నెట్టి తెచ్చుకోవద్దు, నడుము తిప్పి, సీటు మీద జరిగి సర్దుకోండి. కండరంతో నెట్టి నిలబెట్టిన గురి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో వెనక్కి పోతుంది.

పడిపోకుండా ఒంటికి కట్టుకునే హార్నెస్ పట్టీ కూడా ఇందులో వేలు పెడుతుంది. భుజం గుంట మీదుగా పోయే పట్టీ, దాని బకిల్ బట్ కింద పడితే రైఫిల్ నిలవదు. ఇంట్లో జాకెట్ మీద హార్నెస్ వేసుకుని, ఖాళీ రైఫిల్ భుజానికెత్తి చూసుకోండి. బకిల్‌ని కిందికో పైకో జరిపే వీలుంటుంది. దళసరి జాకెట్ వల్ల బట్ ఒక అంగుళం ముందుకి వస్తుంది, బెంచ్ దగ్గర చొక్కాతో సరిచేసుకున్న కంటి దూరం మారిపోతుంది. స్కోప్‌ని చలి బట్టలతోనే సరిచేసుకోవాలి.

గాలి వీచే రోజు చెట్టు ఊగుతుంది, స్టాండ్ ఊగుతుంది, రెయిలూ ఊగుతుంది. ఊగే చెట్టుతో పోట్లాడకండి. గాలి విసురుకీ విసురుకీ మధ్య చెట్టు ఒక్క క్షణం నిలబడుతుంది, ట్రిగ్గర్ మీద సగం ఒత్తిడి ముందే వేసుకుని ఆ క్షణం కోసం ఆగండి. పక్క చెట్టు కొమ్మ మీద మాత్రం రైఫిల్ ఆనించొద్దు. రెండు చెట్లూ ఒకేలా ఊగవు.

కుడిచేతి వాటం మనిషి కూర్చున్న చోటు నుంచి ఎడమ వైపుకి సులువుగా తిరుగుతాడు, కుడి వైపుకి తిరగలేడు. స్టాండ్‌ని జింకల దారి ఎడమ ముందు వైపున వచ్చేట్టు కట్టుకుంటే రెయిల్ నిజంగా ఉపయోగపడుతుంది. ఓక్ కాయలు రాలే చోటు ఎదురుగా ఉండాలని స్టాండ్‌ని సూటిగా అటే తిప్పి కడుతుంటారు. దారి కుడి వైపు పడితే ఆ రెయిల్ ఉన్నా లేనట్టే.

ఛాతీలో గురి ఎక్కడ పెట్టాలన్నది కోణం బట్టి మారుతుంది. అడ్డంగా నిలబడ్డ వైట్‌టెయిల్ జింక ఛాతీ వెడల్పు సుమారు 12 అంగుళాలు అనుకుంటే, 60 గజాల దగ్గర తూటా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి చేరేసరికి ఒక అంగుళం పైన మాత్రమే దిగుతుంది. 20 గజాల దగ్గర నాలుగు అంగుళాలు, పది గజాల దగ్గర తొమ్మిది. అందుకని 20 గజాల్లో మామూలుగా పెట్టే చోటు కన్నా రెండు అంగుళాలు పైన పెట్టండి, అప్పుడు తూటా రెండు ఊపిరితిత్తుల గుండానూ పోతుంది. మరీ కిందనే నిలబడితే ఒక ఊపిరితిత్తికే తగిలి జంతువు చాలా దూరం పోతుంది, బాధపడుతుంది. అది నాలుగు అడుగులు నడిచే దాకా ఆగండి.

మీ కొనుగోలు ప్రశ్నకి వస్తే: స్టిక్స్ నేల మీద బాగుంటాయి. స్టాండ్ అడుగు ఇనుప జాలీ కాబట్టి కాళ్ల మొనలు జాలీలో దిగిపోతాయి. వాడాలంటే కింద రబ్బరు చాప ముక్క వేయాలి. చెట్టుకి బిగించే చేయి రెయిల్ లేని హ్యాంగ్-ఆన్ స్టాండ్ (చెట్టుకి వేలాడగట్టే చిన్న స్టాండ్) మీద మంచిది, మీ లాడర్ స్టాండ్‌కి అనవసరం. బైపాడ్ (ఫోర్‌ఎండ్‌కి తగిలించే రెండు కాళ్ల ఆసరా) రెయిల్ మీద నిలవదు.

కొనే ముందు ఈ పరీక్ష చేయండి. రేంజ్‌లో బెంచ్ మీద మీ రెయిల్ మందం ఉన్న ఇనుప గొట్టం ముక్క కదలకుండా బిగించండి. 50 గజాల్లో నాలుగు కాగితాలు. మొదటిదానికి ఇసుక సంచుల మీంచి మూడు తూటాలు. రెండోదానికి ఉత్త గొట్టం మీద ఫోర్‌ఎండ్ పెట్టి మూడు. మూడోదానికి ఫోమ్, గుడ్డ చుట్టి మూడు. నాలుగోదానికి అదే మెత్త, బట్ కింద పిడికిలి, మూడు. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. మూడోది, నాలుగోది మొదటిదానికి అంగుళంలోపు ఉంటే రెయిల్ సమస్య తీరినట్టే. బ్యారెల్ గొట్టానికి ఆనించి కూడా ఒక కాగితం కాల్చి చూస్తే పైకి ఎంత పోతుందో మీ కళ్లకే కనిపిస్తుంది. ఆ తర్వాత స్టాండ్ ఎక్కి స్నాప్ క్యాప్‌తో (పేలని డమ్మీ తూటాతో), దూరాలు కొలిచిన చెట్ల మొదళ్ల మీద గురి సాధన చేయండి. కూర్చోవడం, ఆనించడం, నొక్కడం చప్పుడు లేకుండా వచ్చే దాకా.

రెయిల్ రైఫిల్ కోసమే. దాని మీద ఒరగడం, పట్టుకుని లేవడం చేయొద్దు. చాలా స్టాండ్లు 300 పౌండ్లకి రేట్ చేసినవి, అందులో మీరు, బట్టలు, సామాను అన్నీ కలిసే ఉంటాయి. నేల మీద కాలు ఉన్నప్పుడే హార్నెస్‌ని లైఫ్‌లైన్‌కి (చెట్టు వెంట పైనుంచి కిందిదాకా కట్టిన తాడుకి) తగిలించి, మళ్లీ నేల తాకాకే తీయాలి. రైఫిల్ చేత పట్టుకుని నిచ్చెన ఎక్కకూడదు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి, నోరు కిందికి ఉండేట్టు తాడుకి కట్టి, కూర్చున్నాక లాక్కోండి. నోటికి టేపు ముక్క వేస్తే మట్టి దూరదు. స్టాండ్ పట్టీలని ఉడతలు కొరుకుతాయి, ఎండకి పాడవుతాయి, ఎక్కే ముందు ప్రతిసారీ చేత్తో తడిమి చూడండి. ఆరెంజ్ రంగు తల, ఛాతీ, వీపు కలిపి 250 చదరపు అంగుళాలు ఉండాలన్నది పెన్సిల్వేనియా రైఫిల్ సీజన్ నియమం, స్టాండ్ మీద ఉన్నా తీయొద్దు.

మనవాళ్లకి వర్తించే సంగతి ఒకటి. హెచ్-1బి లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. పెన్సిల్వేనియా లైసెన్స్ సంవత్సరం జూన్ 30తో అయిపోతుంది, కొత్తది తీసుకోకుండా జూలైలో రేంజ్‌కి వెళ్తే ఆ మినహాయింపు ఉండదు. స్నేహితుడి రైఫిల్ అయినా ఇదే. మీ పరిస్థితి ఏమిటో లాయర్‌ని అడిగి తేల్చుకోండి. ఇక ఊరెళ్లినప్పుడు ఇవేవీ అక్కడ ప్రయత్నించేవి కావు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడితే జైలే.

కాల్చాక రైఫిల్ రెయిల్ మీదే ఉంచి, భుజం నుంచి తీయకుండా బోల్ట్ లాగి ఇంకో తూటా ఎక్కించండి. జింక నిలబడ్డ చోటు, కనుమరుగైన చోటు పైనుంచే గుర్తులు పెట్టుకోండి, ఫోన్ దిక్సూచిలో కోణం చూసుకోండి. పైనుంచి చూసిన పొద, కిందికి దిగాక వేరేలా కనిపిస్తుంది. అది అక్కడే పడిపోవడం కనబడకపోతే అరగంట ఆగి దిగండి, రైఫిల్‌ని మళ్లీ ఖాళీ చేసి తాడుతోనే దింపండి.

పరీక్ష అయ్యాక నాలుగు కాగితాల మీద గుంపు మధ్యభాగం గురి చుక్కకి ఎంత పైన, ఎంత పక్కన ఉందో కొలిచి, రైఫిల్ మోడల్, స్టాక్ చెక్కా ప్లాస్టికా అన్నది రాయండి. నాలుగో కాగితం పక్కకి పోతే అది ట్రిగ్గర్ నొక్కే తీరులోని సంగతి, పైకే పోతే స్టాక్ ఇంకా వంగుతోందని అర్థం. రెండిటికీ చేయాల్సిన పని వేరు.